మూడు లక్షల బోల్ట్-ఆన్ గిటార్: ఆ డబ్బు దేనికి పోతోంది?

కూర్మన్నపాలెం నుంచి మాట్లాడుతున్నాను. బస్సులో ఉన్నవాళ్లు, ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినవాళ్లు, ఆ రోజు డేటా అయిపోయినవాళ్లు చదువుకుంటారని ఎప్పటిలాగే ఈ ఎపిసోడ్‌ని రాతలో పెడుతున్నాం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంటుంది. చదవడానికి వీలుగా అక్కడక్కడా కొంచెం సర్దాం, అంతే.

ఈసారి టాపిక్ ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న. అగనంపూడి వైపు కుర్రాడు. డిప్లొమా అయింది, కాంట్రాక్ట్ మీద ఉద్యోగంలో చేరాడు. నాలుగేళ్లుగా గిటార్ వాయిస్తున్నాడు, చేతిలో పాతిక వేల గిటార్ ఉంది. "అన్నా, మూడు లక్షల గిటార్ ఒకటి చూశాను. ఈఎంఐలో వస్తుంది. కానీ వెనక్కి తిప్పి చూస్తే నా గిటార్‌కి ఉన్నట్టే నాలుగు స్క్రూలు. అదే చెక్క, అదే షేపు. తేడా ఏటన్నా? తీసుకోమంటావా, వద్దంటావా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. ముఖ్యంగా ఆ నాలుగు స్క్రూల మాట. అందుకే రెండు ముక్కల్లో తేల్చేయకుండా మొత్తం విప్పి చూద్దాం. విప్పడానికి వీలుండేదే బోల్ట్-ఆన్ గిటార్ కదా మరి.

ముందు బోల్ట్-ఆన్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం. ఎలక్ట్రిక్ గిటార్‌లో రెండు పెద్ద ముక్కలుంటాయి, బాడీ ఒకటి, నెక్ ఒకటి. ఈ రెండూ కలిసే తీరు మూడు రకాలు. నెక్‌ని జిగురు పెట్టి బాడీలో శాశ్వతంగా అతికించేస్తే అది సెట్ నెక్. గిబ్సన్ లెస్ పాల్ అలాంటిదే. నెక్ చెక్కే బాడీ మధ్యలోంచి ఆ చివరిదాకా వెళ్లిపోతే నెక్-త్రూ. అలా కాకుండా బాడీలో ఒక గాడి తవ్వి, అందులో నెక్ మడమ కూర్చోబెట్టి, వెనకాల ఇనుప ప్లేటు పెట్టి స్క్రూలతో బిగిస్తే బోల్ట్-ఆన్. పేరుకి బోల్ట్ అంటారు గానీ చాలా గిటార్లలో ఉండేవి చెక్క స్క్రూలే. నట్టు ఉండదు.

ఈ పద్ధతిని ఫ్యాక్టరీ స్థాయిలో నిలబెట్టింది లియో ఫెండర్. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియో రిపేర్ షాపు నడిపిన మనిషి. ఆయనకి గిటార్ వాయించడం రాదు. కానీ రిపేర్ చేసేవాడి బుర్ర ఉంది. పాడైన పార్టు తీసేసి కొత్తది వేసేయాలి, అంతే. 1950లో ఆయన అమ్మకానికి పెట్టిన గిటారే కొంతకాలానికి టెలీకాస్టర్ అయింది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. రెండూ బోల్ట్-ఆన్. నెక్ వంగిపోతే, ఫ్రెట్లు అరిగిపోతే, నాలుగు స్క్రూలు విప్పి కొత్త నెక్ బిగించుకోవచ్చు. వయొలిన్ చేసేవాళ్లలా ఏళ్ల తరబడి నేర్చుకున్న పనివాడు ప్రతి గిటార్‌కీ అక్కర్లేదు. బాడీలు ఒక బల్ల మీద, నెక్కులు ఇంకో బల్ల మీద తయారవుతాయి, చివర్లో కలిపేస్తారు. మన ఆటోనగర్ షెడ్లలో పని చూసినవాళ్లకి ఈ లెక్క ఇట్టే అర్థమైపోతుంది.

అంటే బోల్ట్-ఆన్ పుట్టిందే పని సులువు చేసి, ఖర్చు తగ్గించడానికి. మరి ఖర్చు తగ్గించడానికి పుట్టిన డిజైన్‌కి మూడు లక్షలు ఎందుకు?

ఇక్కడ చాలామంది పట్టించుకోని లెక్క ఒకటి చెప్తాను. 1954లో ట్రెమొలో ఉన్న స్ట్రాటోకాస్టర్ ధర 249 డాలర్ల 50 సెంట్లు. వినడానికి చవగ్గా ఉంది. కానీ అమెరికాలో ఈ డెబ్భై ఏళ్లలో ధరలు దాదాపు పదకొండున్నర రెట్లు పెరిగాయి. ఆ లెక్కన అప్పటి 249 డాలర్లు ఇప్పటి 2,900 డాలర్లతో సమానం. మన డబ్బుల్లో ఇంచుమించు రెండున్నర లక్షలు. చూశారా? మొట్టమొదటి స్ట్రాట్ కూడా సామాన్యుడి గిటార్ కాదు. ఇవాళ అమెరికాలో చేతిపని ఎక్కువగా ఉన్న మంచి బోల్ట్-ఆన్ దాదాపు అదే ధరకి అమ్ముతున్నారు. కాబట్టి ఈ డెబ్భై ఏళ్లలో ఖరీదైన గిటార్ మరీ ఖరీదైపోయిందేమీ లేదు. చవక గిటారే నమ్మలేనంత బాగుపడింది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు ధర సంగతి. ఒకే షేపు గిటార్ పదిహేను, ఇరవై వేలకీ దొరుకుతుంది, అయిదు లక్షలకీ దొరుకుతుంది. డబ్బు ఎక్కడెక్కడికి పోతుందో అయిదు డబ్బాల్లో పెట్టి చూద్దాం.

మొదటి డబ్బా, ఎవరు చేశారు, ఎక్కడ చేశారు. ఫెండర్ వాళ్లకే చూడండి. స్క్వయర్ పేరుతో ఇండోనేషియా, చైనాల్లో చేయిస్తారు. మెక్సికోలో ఎన్సెనాడా అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీ, కాలిఫోర్నియాలో కరోనా అనే ఊళ్లో ఇంకో ఫ్యాక్టరీ. నవ్వకండి, ఊరి పేరే అది, వైరస్ కంటే చాలా పాతది. ఒకే పనికి ఈ చోట్ల ఇచ్చే కూలి ఒకటి కాదు. అందుకని ధరలో పెద్ద తేడా ఇక్కడే వచ్చేస్తుంది. ఈ తేడా మీ చెవికి వినపడదు. అలాగని అది మోసమూ కాదు. అక్కడి మనిషి జీతం అది.

రెండో డబ్బా, ఎన్ని గంటలు పనిచేశారు. ముఖ్యంగా ఫ్రెట్ల మీద. దీని గురించి వివరంగా చెప్తాను, ఆగండి.

మూడో డబ్బా, పార్టులు. పికప్‌లు, ట్యూనర్లు, బ్రిడ్జి, స్విచ్చులు. నాలుగో డబ్బా, పేరు. అయిదోది, సముద్రం దాటి మన దగ్గరికి వచ్చేసరికి పడే రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, మధ్యలో డీలర్ల లాభం. అమెరికావాడు డాలర్లలో కొన్న ధరని మనం రూపాయల్లోకి మార్చి "ఇక్కడ ఇంతెందుకు చెప్తున్నారు" అని షాపువాడి మీద పడతాం. ఆ తేడా ఎక్కువగా ఈ అయిదో డబ్బాలో ఉంటుంది. దానివల్ల మీ గిటార్‌కి ఒక్క స్వరం కూడా అదనంగా రాదు.

సరే, అసలు విషయానికొద్దాం. సౌండ్. బోల్ట్-ఆన్ అతుకు ఎంత బాగా కూర్చుంటే సౌండ్ అంత బాగుంటుంది, అందుకే ఖరీదు, అంటారు. ఇది ఎంతవరకు నిజం?

దీనికి మన దగ్గరే ఒక మంచి పోలిక ఉంది. బొబ్బిలి వీణ. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేస్తారు. దానికి జీఐ గుర్తింపు కూడా ఉంది. పనస చెక్కతో చేస్తారు. మామూలు వీణలో కుండ వేరు, దండి వేరు, చివర యాళి ముఖం వేరు. మూడూ చేసి అతుకుతారు. ఏకాండి వీణ అలా కాదు. ఒకే దుంగలోంచి కుండా దండీ అన్నీ తొలుస్తారు, అతుకు ఉండదు. దానికి గౌరవం ఎక్కువ. అంత పెద్ద మంచి దుంగ దొరకాలి, అది ఆరాలి, చెక్కేటప్పుడు ఒక్క చోట తప్పు పడితే దుంగ మొత్తం పోయినట్టే.

గిటార్ లోకంలో నెక్-త్రూ గొప్పది, బోల్ట్-ఆన్ తక్కువది అనే మాట సరిగ్గా ఈ ఆలోచనలోంచే వస్తుంది. అతుకు లేనిది మేలు, అతుకు ఉన్నది నాసి. వీణ విషయంలో ఈ మాటకి అర్థముంది. వీణలో తీగ కదలిక గుర్రం మీదుగా పలకకి వెళ్లి, ఆ పలక, ఆ కుండ గాలిని కదిలిస్తేనే మనకి వినిపిస్తుంది. చెక్కే అక్కడ స్పీకర్.

కానీ ఎలక్ట్రిక్ గిటార్‌లో చెక్క స్పీకర్ కాదు. తీగ కింద అయస్కాంతం ఉంటుంది, దాని చుట్టూ వెంట్రుక లాంటి సన్నటి రాగి తీగ. స్ట్రాట్ పికప్‌లో అయితే ఏడెనిమిది వేల చుట్లు ఉంటాయి. పైన స్టీల్ తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్లలో కరెంటు పుడుతుంది, అది ఆంప్‌కి పోతుంది. నైలాన్ తీగలు వేసి చూడండి, పికప్‌కి ఏమీ వినపడదు. అది వినేది చెక్కని కాదు, ఉక్కు కదలికని. ఉక్కునగరం పక్కన ఉండేవాళ్లం, మనకి ఇది నచ్చాలి.

అంటే చెక్క, అతుకు అసలు పనే చేయవా? చేస్తాయి, కానీ పక్కదారిలో. తీగ రెండు చివర్లూ గట్టిగా పట్టుకుని ఉండాలి. అతుకు వదులుగా ఉంటే తీగ శక్తి కొంత అక్కడ పోతుంది, నోట్ త్వరగా చచ్చిపోతుంది. అంటే అతుకు చెడ్డదైతే వినిపిస్తుంది. బాగా కూర్చున్న అతుక్కీ అద్భుతంగా కూర్చున్న అతుక్కీ మధ్య తేడా మాత్రం చెవికి అందడం చాలా కష్టం.

మా నాన్న ఫిట్టర్. చిన్నప్పుడు సైకిల్ బిగిస్తుంటే ఒక మాట చెప్పేవాడు. బోల్టు ఎంత గట్టిగా తిప్పావన్నది తర్వాత సంగతి, ముందు కింద ముఖానికి ముఖం కలిసిందో లేదో చూడరా అని. గిటార్‌లోనూ అంతే. గాడి అడుగు చదునుగా ఉండి, నెక్ మడమ దాని మీద పూర్తిగా ఆనితే స్క్రూల పని చాలా తేలిక. మామూలు 10-46 తీగల సెట్ స్ట్రాట్ మీద శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిపి లాగే బలం దాదాపు 45 కిలోలు. అంటే ఒక బియ్యం బస్తా అంత. ఆ బరువుని పక్కకి జరగకుండా ఆపితే చాలు. 1970ల్లో ఫెండర్ నాలుగు స్క్రూలు తీసేసి మూడు పెట్టిన గిటార్లు తెచ్చింది. కొన్నిట్లో గాడి వదులుగా ఉండి నెక్ పక్కకి జరిగేది. "మూడు బోల్టుల గిటార్ వద్దు" అనే పేరు అప్పుడే పడింది. ఇంకోవైపు టామ్ ఆండర్సన్ అనే కాలిఫోర్నియా తయారీదారు తన గిటార్లకి రెండే బోల్టులు పెడతాడు. అవి లక్షల్లో ఉంటాయి, ఎవరూ వంక పెట్టరు. కారణం, నెక్ మడమని వెడ్జ్ లాగా చెక్కి గాడిలో బిగువుగా దిగేలా చేస్తాడు. మూడు బోల్టులతో చెడ్డ పేరు, రెండు బోల్టులతో మంచి పేరు. లెక్క బోల్టుల్లో లేదు, కూర్చోవడంలో ఉంది.

ఈ ఆండర్సన్ గిటార్ మీద ఇంకో ముచ్చట. నాష్‌విల్‌లో జిమ్ లిల్ అనే గిటారిస్ట్ ఉన్నాడు, యూట్యూబ్‌లో మీలో చాలామంది చూసే ఉంటారు. తన దగ్గరున్న ఖరీదైన ఆండర్సన్ గిటార్ సౌండ్ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెడదామని ఒక్కో పార్టూ మారుస్తూ పోయాడు. చివరికి బాడీ లేదు, నెక్ లేదు, రెండు బల్లల మధ్య తీగలు కట్టి, కింద పికప్ పెట్టి వాయించాడు. ఆ సౌండ్ ఖరీదైన గిటార్ సౌండ్‌కి ఆశ్చర్యపోయేంత దగ్గరగా వచ్చింది. పికప్ ఏది, తీగకి ఎంత దూరంలో ఉంది, బ్రిడ్జికి ఎంత దూరంలో ఉంది, వైరింగ్ ఏంటి, ఇవే సౌండ్‌ని నడిపిస్తున్నాయని ఆ వీడియో చూస్తే అర్థమవుతుంది. ఒక్క మనిషి చేసిన ప్రయోగమే అనుకోండి. కానీ ఫిజిక్స్ చెప్పేదీ అదే దారి.

మన తెలుగువాళ్ల ఉదాహరణే కావాలంటే పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్ గారు. మాండలిన్‌కి మామూలుగా నాలుగు జంటల తీగలుంటాయి. అది కర్ణాటక సంగీతంలో గమకానికి కుదరదు. ఆయన వాయించింది సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ మాండలిన్, జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలతో. అంటే ఆయన అడిగిన ప్రశ్న "ఇది ఎంత ఖరీదుది" అని కాదు. "నా చేతికి కావాల్సింది ఇందులో వస్తుందా, రాకపోతే ఏం మార్చాలి" అని. సాలిడ్ బాడీ వాద్యం అంటే బొమ్మ అనుకునేవాళ్లకి ఆయన కచేరీలే సమాధానం.

సో, సౌండ్ కోసం మూడు లక్షలు అంటే నా మాట, వద్దు. పాతిక వేల గిటార్‌లో మంచి పికప్‌లు వేయించి, ఎత్తు సరిచేస్తే సౌండ్‌లో చాలా దూరం వెళ్లిపోవచ్చు.

అయితే ఖరీదైన గిటార్లు దండగా? ఆగండి, ఇక్కడే రెండో డబ్బా వస్తుంది. పనిగంటలు.

గిటార్ చెవితో వినేది ఒక్కటే కాదు, చేత్తో పట్టుకునేది. మంచి సెటప్‌లో పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఖాళీ ఒకటిన్నర మిల్లీమీటర్లు, కొంచెం అటూ ఇటూ. అంత తక్కువలో తీగ ఏ ఫ్రెట్‌కీ తగలకుండా ఊగాలంటే ఇరవై రెండు ఫ్రెట్లూ ఒకే మట్టంలో ఉండాలి. తల వెంట్రుక మందం ఉజ్జాయింపుగా 0.07 మిల్లీమీటర్. ఒక ఫ్రెట్ అంత ఎత్తు ఎక్కువైనా అక్కడ తీగ బర్రుమంటుంది. దాన్ని తప్పించడానికి తీగల్ని ఎత్తుతారు. ఎత్తితే వేళ్లు నొప్పి, శ్రుతి కూడా పక్కకి పోతుంది.

వీణ పని చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. వీణకి ఇరవై నాలుగు మెట్లు. వాటిని మైనం మీద ఒక్కొక్కటీ చెవితో సరిచూసుకుంటూ కూర్చోబెట్టడాన్ని మేళం కట్టడం అంటారు. ఎంత మంచి పనస దుంగ అయినా మేళం సరిగ్గా కట్టకపోతే ఆ వీణ అపస్వరమే. విద్వాంసులు చెక్క గురించి ఎంత అడుగుతారో, మేళం ఎవరు కట్టారని అంతే అడుగుతారు. గిటార్ కొనేవాళ్లం మనం మాత్రం చెక్క పేరు అడుగుతాం, రంగు అడుగుతాం, ఫ్రెట్లు ఎవరు సరిచేశారని అడగం.

సూర్, ఆండర్సన్ లాంటి కంపెనీల గిటార్లలో నేను చూసిన అసలు విలువ ఇదే. ఫ్రెట్ అంచులు చేతికి గుచ్చుకోవు. తీగ ఎంత కిందికి దించినా శుభ్రంగా మోగుతుంది. బెండ్ చేస్తే నోట్ మధ్యలో చచ్చిపోదు. జాన్ సూర్ ఒకప్పుడు ఫెండర్ కస్టమ్ షాప్‌లో పనిచేసిన మనిషి. 1997లో సొంతంగా మొదలుపెట్టాడు. వాళ్లు ప్లెక్ అనే జర్మన్ మెషీన్‌తో ఫ్రెట్లు కొలిచి సరిచేస్తారు. తీగలు బిగించి, నెక్ మీద లాగుడు ఉన్నప్పుడే కొలుస్తుంది ఆ మెషీన్. అదీ గొప్ప.

ఇంకో రెండు విషయాలు మన ఊరికి బాగా సంబంధించినవి. సముద్రం పక్కన ఉన్నాం. గాలిలో తేమ, ఉప్పు. కొత్త తీగలు వేసి రెండు వారాలు వదిలేస్తే తుప్పు వాసన. చెక్క తేమ పీల్చి నెక్ కొంచెం కదులుతుంది, వానాకాలం ఒకలా, మార్చిలో ఒకలా. ఖరీదైన వాటిలో స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు వేస్తారు. అవి తుప్పు పట్టవు, ఏళ్ల తరబడి అరగవు. రోస్టెడ్ మేపుల్ నెక్ అంటారు, ఆక్సిజన్ లేని బట్టీలో కాల్చిన చెక్క. అది తేమని తక్కువ పీలుస్తుంది, నెక్ నిలకడగా ఉంటుంది. ఎడారి పక్కన ఉండేవాడికంటే మనకి వీటి అవసరం ఎక్కువ.

మరి ఇవి మూడు లక్షల గిటార్‌లోనే దొరుకుతాయా? ఇక్కడే కథ మారిపోయింది. సీఎన్‌సీ మెషీన్ ఇండోనేషియాలోనూ అదే, కాలిఫోర్నియాలోనూ అదే. గాడి తవ్వడం ఇప్పుడు కంప్యూటర్ పని. ఒకప్పుడు ఖరీదైన గిటార్‌కి, చవక గిటార్‌కి అతుకులో కనిపించే సందు ఇప్పుడు చాలావరకు పోయింది. రోస్టెడ్ మేపుల్, స్టెయిన్‌లెస్ ఫ్రెట్లు, లాకింగ్ ట్యూనర్లు, అన్నీ మధ్య ధరల్లోకి దిగిపోయాయి. చవకలో ఇప్పటికీ తక్కువ పడేది ఒక్కటే, చివర్లో మనిషి కూర్చుని చేసే పని. ఫ్రెట్లు సమం చేయడం, అంచులు గుండ్రం చేయడం, నట్ గాట్లు సరైన లోతుకి కోయడం.

ఆ పని మీరు కొన్న తర్వాత చేయించుకోవచ్చు! మంచి టెక్నీషియన్ దగ్గర ఫ్రెట్ లెవెలింగ్, కొత్త నట్, సెటప్, అన్నీ కలిపి కొన్ని వేలల్లో అయిపోతాయి. అది బోల్ట్-ఆన్ కాబట్టి మరీ సులువు. నెక్ విప్పి సంచీలో వేసుకుని వెళ్లొచ్చు. సెట్ నెక్ గిటార్ కొన్నవాడికి ఆ సౌకర్యం లేదు.

బోల్ట్-ఆన్‌కి ఉన్న ఈ గుణాన్ని అందరికంటే బాగా వాడుకున్నది ఎడ్డీ వాన్ హేలెన్. సుమారు 50 డాలర్లకి ఫ్యాక్టరీలో పక్కన పడేసిన బాడీ, 80 డాలర్లకి నెక్, రెండూ కొని బిగించేశాడు. పాత గిబ్సన్ గిటార్‌లోని పికప్ తీసి అందులో పెట్టాడు. సైకిల్ పెయింట్ కొట్టాడు. ఫ్రాంకెన్‌స్టైన్ అని పిలిచేవారు దాన్ని. మొదటి ఆల్బమ్‌లో ప్రపంచం చెవులు తిప్పింది ఎక్కువగా ఆ అతుకుల బొంతే.

దీనికి అటువైపు ఉదాహరణ డేవిడ్ గిల్‌మర్ బ్లాక్ స్ట్రాట్. 2019 జూన్‌లో క్రిస్టీస్ వేలంలో 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది. దాని నెక్ ఎన్నోసార్లు మార్చారు, పికప్‌లు మార్చారు, ప్లేట్లు మార్చారు. షాపులో దొరికే మామూలు స్ట్రాట్‌గా మొదలైంది. మరి ఆ డబ్బు దేనికి ఇచ్చారు? చెక్కకీ కాదు, అతుక్కీ కాదు. ఆ గిటార్ మీద పుట్టిన పాటలకి. ఇది నాలుగో డబ్బా, పేరు. అది మార్కెట్‌లో నిజమైన విలువే. కానీ మీరు వాయిస్తే అందులోంచి గిల్‌మర్ రాడు. రెలిక్ అని కావాలని గీతలు పెట్టి, తుప్పు పట్టించి, ఎక్కువ ధరకి అమ్ముతారు చూడండి, అదీ ఈ డబ్బాలోదే. ఆ తుప్పు మన సముద్రపు గాలి ఉచితంగా పెట్టేస్తుంది గురూ, దానికి డబ్బులెందుకు?

ఇప్పుడు మెట్ల లెక్క చెప్తాను. ధరలు షాపుని బట్టి, డాలర్‌ని బట్టి మారతాయి, సుమారుగా తీసుకోండి. పది వేల గిటార్ నుంచి పాతిక, ముప్ఫై వేల గిటార్‌కి వెళ్తే చాలా పెద్ద తేడా. యమహా పసిఫికా లాంటివి ఆ రేంజ్‌లో ఉంటాయి. శ్రుతి నిలుస్తుంది, చెయ్యి నొప్పెట్టదు. అక్కడి నుంచి ఎనభై, తొంభై వేలకి వెళ్తే తేడా ఉంది, ట్యూనర్లు, పికప్‌లు, ఫినిష్ బాగుంటాయి. ఆ తర్వాత మూడు లక్షలకి వెళ్తే సౌండ్‌లో తేడా కొంచెమే, చేతికి తెలిసే తేడా కొంత ఉంటుంది. అయిదు లక్షలు దాటాక మీరు కొనేది మీకు నచ్చిన రంగు, మీరు కోరిన నెక్ షేపు, ఒక పనివాడి సంతకం. తప్పేమీ లేదు. కొంటున్నది ఏంటో తెలిసి కొనండి.

ఇక ఆ తమ్ముడి ఈఎంఐ. మూడు లక్షలు, 24 నెలలు, 16 శాతం వడ్డీ అనుకుందాం. నెలకి దాదాపు 14,700. రెండేళ్లలో కట్టేది మూడు లక్షల 52 వేలు. అంటే వడ్డీ ఒక్కటే 52 వేలు. ఆ వడ్డీ డబ్బుతో మంచి ముప్ఫై వేల గిటార్ కొత్తది కొని, పికప్‌లు మార్పించి, ఫ్రెట్ పని చేయించి, ఇంకా తీగలకి మిగుల్చుకోవచ్చు. గిటార్ కాదు, కేవలం గిటార్ మీద వడ్డీ అది.

పైగా మనం ఉన్న చోటు చూడండి. 2021 జనవరిలో స్టీల్ ప్లాంట్ వాటాల అమ్మకం నిర్ణయం వచ్చాక ఇదే కూర్మన్నపాలెం జంక్షన్‌లో దీక్షా శిబిరం వెలిసింది. పర్మినెంట్ ఉద్యోగులే రేపటి గురించి ఆలోచించుకునే చోట, కాంట్రాక్ట్ ఉద్యోగి 24 నెలల ముందుకి మాటివ్వడం చిన్న విషయం కాదు. రెండు నెలలు పని ఆగితే ఈఎంఐ ఆగదు. అప్పుడు గిటార్‌ని సగం ధరకి అమ్ముకోవాలి. అమ్మిన గిటార్‌తో పాటు ప్రాక్టీస్ కూడా పోతుంది. నేను భయపడేది డబ్బుకి కాదు, దానికి. అప్పు తీర్చలేక వాయించడం మానేసిన కుర్రాళ్లని చూశాను. చవక గిటార్ ఉందని మానేసినవాడిని ఒక్కడిని కూడా చూడలేదు.

మరి ఎవరు కొనాలి? వారానికి మూడు నాలుగు షోలు ఉన్నవాళ్లు, స్టూడియో పని ఉన్నవాళ్లు. వాళ్లకి గిటార్ పనిముట్టు. స్టేజి మీద శ్రుతి పోతే పేరు పోతుంది. ఫ్రెట్లు ఏడాదికోసారి మార్పించుకునే టైమ్ ఉండదు. వాళ్లకి మూడు లక్షలు రెండేళ్లలో తిరిగొస్తుంది. అలాగే అప్పు లేకుండా, ఇంటి ఖర్చు తాకకుండా కొనగలిగినవాళ్లు. మంచి పనితనం చేతిలో పట్టుకోవడం కూడా ఒక సంతోషమే, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. బొబ్బిలిలో దుంగ తొలిచే ఆచారికైనా, కాలిఫోర్నియాలో ఫ్రెట్ రుద్దేవాడికైనా ఆ సంతోషానికి విలువ కట్టేవాళ్లుంటేనే ఆ పని బతుకుతుంది.

కొనేముందు మీరే చేసుకోగలిగే పరీక్ష ఒకటి చెప్తాను. షాపుకి ఇద్దరు వెళ్లండి. ఖరీదైనది, మీ రేంజ్‌లోది, రెండూ ఒకే రకం పికప్‌లు ఉన్నవి తీసుకోండి. ఒకే ఆంప్, ఒకే సెట్టింగ్, ఒకే కేబుల్. ఫోన్‌లో రికార్డ్ చేయండి, ఏది ఏదో మీ స్నేహితుడు మాత్రమే రాసుకోవాలి. ఇంటికెళ్లి వినండి. పదిసార్లు పెట్టి చూడండి, ఎన్నిసార్లు సరిగ్గా చెప్పగలిగారో లెక్కపెట్టుకోండి. అయిదూ ఆరూ వస్తే మీరు నాణెం ఎగరేసినట్టే. సౌండ్ కోసం లక్షలు పెట్టొద్దు.

తర్వాత చేత్తో చూడండి. నెక్ అంచు మీద అరచేయి జార్చండి, ఫ్రెట్ చివరలు గుచ్చుకుంటున్నాయా? ప్రతి తీగా ప్రతి ఫ్రెట్‌లో నొక్కండి, ఎక్కడన్నా బర్రుమంటోందా? పైన పదిహేనో ఫ్రెట్ తర్వాత బెండ్ చేయండి, నోట్ నిలబడుతోందా? తలకట్టు పట్టుకుని నెమ్మదిగా పక్కకి తోసి చూడండి, అతుకు దగ్గర కదలిక ఉందా? గాడికీ నెక్‌కీ మధ్య ఏటీఎం కార్డు దూరేంత సందు ఉంటే పక్కన పెట్టేయండి, అది ఎంత పెద్ద కంపెనీదైనా సరే.

తమ్ముడికి నా జవాబు ఇదీ. నీ పాతిక వేల గిటార్ వెనక ఉన్న నాలుగు స్క్రూలు, మూడు లక్షల గిటార్ వెనక ఉన్న నాలుగు స్క్రూలు చేసే పని ఒక్కటే. ముందు నీ గిటార్‌కి ఫ్రెట్ పని, సెటప్ చేయించు. తర్వాత పికప్‌లు. ఆ రెండూ అయ్యాక ఆరు నెలలు వాయించు. అప్పటికీ "ఇది నా చేతికి అడ్డొస్తోంది" అనిపిస్తే, ఎక్కడ అడ్డొస్తోందో వేలు పెట్టి చూపించగలిగితే, ఆ పని చేసే గిటార్ కోసం డబ్బు దాచుకో. ఈఎంఐ వద్దు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంట్లోనే స్క్రూడ్రైవర్, స్కేలు, ఒక అల్లెన్ కీతో సెటప్ ఎలా చేసుకోవాలో చూపిస్తాను. ట్రస్ రాడ్ మాత్రం అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకండి, చెప్తున్నాను. ఉంటాను మరి.